ఆట మధ్యలో కంప్యూటర్ ఎందుకు ఆగిపోతుంది?

కంప్యూటర్‌లో కారు పందెం ఆట ఆడుతున్నారనుకోండి. ఆఖరి చుట్టు. ఇరవై నిమిషాలుగా ఏ ఇబ్బందీ లేదు. ఉన్నట్టుండి ఫ్యాను హోరు పెరుగుతుంది, బొమ్మలు తడబడతాయి, తెర నల్లబడుతుంది. యంత్రం ఆగిపోతుంది. కాసేపాగి మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిచేస్తుంది. పాఠాలు చదువుకున్నా, పాటలు విన్నా ఆగదు. ఆట మొదలుపెడితే మాత్రం మళ్ళీ అదే తంతు.

ఇటువంటప్పుడు తలకొక సలహా వినబడుతుంది. వైరస్ పట్టిందని ఒకరంటారు. గ్రాఫిక్స్ కార్డు పోయింది, కొత్తది కొనాల్సిందేనని మరొకరంటారు. ఆ కార్డుకు వేల రూపాయలవుతాయి. అసలు లోపం బ్రష్షుతో దులిపితే పోయే దుమ్ము కావచ్చు. లేదా వేడితో ఏ సంబంధమూ లేని మరొకటి కావచ్చు. నాన్నగారి చేత డబ్బు ఖర్చు పెట్టించే ముందు ఇందులో ఏది నిజమో తేల్చుకోగలమా? తేల్చుకోవచ్చు. అందుకు కావలసిన భౌతికశాస్త్రం చాలావరకు మీ పాఠ్యపుస్తకంలోనే ఉన్నది.

ఇస్త్రీపెట్టెను మించిన వేడి

కంప్యూటర్ ఏ బరువులూ ఎత్తదు, ఏ చక్రాలూ తిప్పదు. ఫ్యాన్లు తిరగడం, కాస్త వెలుతురు తప్పితే అది చేసే యాంత్రికమైన పని లేదు. కనుక అది తీసుకునే విద్యుచ్ఛక్తి దాదాపు అంతా చివరకు ఉష్ణంగా మారుతుంది. ఆట ఆడుతున్నప్పుడు 400 వాట్లు తీసుకునే కంప్యూటర్, గదిలో 400 వాట్ల హీటరు పెట్టినట్లే.

అయితే అసలు చిక్కు వేడి మొత్తంలో లేదు, అది పుట్టే చోటు ఎంత చిన్నదన్న దానిలో ఉంది. ఒక లెక్క వేసి చూడండి. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగుభాగం వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు వస్తాయి. ఆటల కంప్యూటర్‌లో 125 వాట్ల ప్రాసెసర్ ఉన్నదనుకోండి. దానిలోని సిలికాన్ పలక వైశాల్యం ఇంచుమించు 2 చదరపు సెంటీమీటర్లు, అంటే మన బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది. అక్కడ చదరపు సెంటీమీటరుకు 60 వాట్ల పైమాటే! ఇస్త్రీపెట్టె కంటే పన్నెండు రెట్లు. ఆ వేడిని ఎప్పటికప్పుడు తోడివేయకపోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. (మనవాళ్ళు పెట్టె మొత్తాన్నీ సి.పి.యు. అని పిలుస్తుంటారు. నిజానికి సి.పి.యు. అంటే ఈ గోరంత పలకే. పెట్టె పేరు క్యాబినెట్.)

బొమ్మలు గీసే పని గ్రాఫిక్స్ కార్డుది. దానిలోనూ ఇటువంటి పలకే ఉంటుంది. పాఠం చదివేటప్పుడు ఈ రెండూ దాదాపు నిద్రపోతూ ఉంటాయి. ఆట మొదలవగానే రెండూ ఒకేసారి పనిలోకి దిగుతాయి. ఆటలోనే ఆగిపోవడానికి ఇదొక కారణం.

వేడి బయటకు నడిచే దారి

పొలానికి నీరు రావాలంటే తూము, కాలువ, పిల్లకాలువ, బోదె అన్నీ బాగుండాలి. ఎక్కడ పూడినా నీరు దానికి పైన నిలిచిపోతుంది. వేడికి కూడా అటువంటి దారే ఒకటి వేసి ఉంటుంది.

సిలికాన్ పలకలో పుట్టిన వేడి ముందుగా దాని మీది లోహపు మూతకు చేరుతుంది. అక్కడినుంచి రాగి లేదా అల్యూమినియం దిమ్మకు, ఆ దిమ్మనుంచి పలుచని రెక్కలకు పోతుంది. ఇంతవరకు ఉష్ణవహనం. మూతకూ దిమ్మకూ మధ్య కంటికి కనపడని ఎగుడుదిగుడులుంటాయి. వాటిలో గాలి నిలుస్తుంది. గాలి ఎంత చెడ్డ ఉష్ణవాహకమంటే, రాగి దానికంటే పదిహేనువేల రెట్లు మెరుగు! అందుకే ఆ సందుల్లోంచి గాలిని తరిమివేయడానికి థర్మల్ పేస్టు అనే ముద్దను పలుచగా పూస్తారు.

రెక్కల దాకా వేడిని మోసే రాగిగొట్టాలు చూడటానికి గట్టి కడ్డీల్లా ఉంటాయి, కాని లోపల బోలు. వాటిలో తక్కువ పీడనం వద్ద కొద్దిపాటి నీరు మూసి ఉంటుంది. వేడి చివర నీరు ఆవిరై చల్లని చివరకు పరుగెడుతుంది, అక్కడ గుప్తోష్ణాన్ని వదిలి మళ్ళీ నీరవుతుంది, గోడలకున్న వత్తిలాంటి పొర గుండా వెనక్కు వస్తుంది. వీటికి ఉష్ణనాళాలని పేరు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ వీటిని తయారుచేసి చూపినప్పుడు, ఇవి పిల్లల ఆటలకు పనికివస్తాయని ఎవరూ అనుకుని ఉండరు.

ఇక రెక్కలనుంచి వేడిని గాలి తీసుకుపోవాలి. ఇది ఫ్యాను పని. 400 వాట్ల వేడిని, గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మాత్రమే పెరిగేలా బయటకు పంపాలంటే సెకనుకు సుమారు 35 లీటర్ల గాలి క్యాబినెట్ గుండా సాగిపోవాలి. రెండు బిందెల గాలి, సెకనుకు! దుమ్ము పట్టి ఇందులో సగమే పోతున్నదనుకోండి, అదే వేడికి గాలి 20 డిగ్రీలు వేడెక్కుతుంది. లోపలి భాగాలన్నీ ఆ వేడిగాలిలోనే చల్లబడాలి.

ఓమ్ నియమం ఇక్కడ కూడా అక్కరకు వస్తుంది. పొటెన్షియల్ భేదం బదులు ఉష్ణోగ్రతా భేదం, విద్యుత్ప్రవాహం బదులు ఉష్ణప్రవాహం పెట్టుకోండి. దారి మొత్తానికి ఉష్ణనిరోధం వాటుకు 0.4 డిగ్రీ అనుకుందాం. 120 వాట్లు ప్రవహించినప్పుడు పలక గదికంటే 48 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలి. సంక్రాంతి రోజుల్లో గది 25 డిగ్రీలుంటే పలక 73 డిగ్రీలు. ఏడాది గడిచింది, దుమ్ము చేరి నిరోధం 0.5 అయింది, రోహిణీకార్తె వచ్చి గది 42 డిగ్రీలకు చేరింది. ఇప్పుడు పలక ఉష్ణోగ్రత ఎంత? 42కు 60 కలపండి. 102! శీతకాలంలో అదే దుమ్ముతో 85 డిగ్రీల దగ్గర ఏ గొడవా లేకుండా నడిచిన యంత్రం మే నెలలో ఎందుకు మొరాయిస్తుందో తెలిసింది కదా. కొత్తగా ఏదీ చెడిపోలేదు.

ఆగిపోవడం ఎవరి నిర్ణయం?

102 అంకె ఎందుకు ముఖ్యమంటే, ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీలు, ఎ.ఎం.డి. వారి రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95 డిగ్రీలు హద్దు. పలకలోనే ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటుంటుంది. హద్దు తగలగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పుడే ఆటలో బొమ్మలు తడబడతాయి. అయినా వేడి తగ్గక, ప్రమాదకరమైన స్థాయికి చేరితే సరఫరాను మొత్తంగా కట్టేస్తుంది. తీగ పీకినట్టు ఆగిపోవడమంటే అదే. అంటే చాలాసార్లు ఆగిపోవడం జబ్బు కాదు, జబ్బునుంచి కాపాడే ఫ్యూజు.

ఈ ఫ్యూజు విలువ 2001లో జరిగిన ఒక పరీక్షలో అందరికీ కనిపించింది. కంప్యూటర్ భాగాలను పరీక్షించి రాసే టామ్స్ హార్డ్‌వేర్ వారు, ఆట నడుస్తుండగానే ప్రాసెసర్ల మీది దిమ్మలను ఊడబెరికి చూశారు. పెంటియం 4 బాగా నెమ్మదించింది గాని ఆటను ఆపలేదు. పెంటియం 3 బిగుసుకుపోయింది, కాని బ్రతికింది. ఆనాటి ఎ.ఎం.డి. అథ్లాన్ మాత్రం క్షణాల్లో పొగలు కక్కి మాడిపోయింది. నేడు రెండు సంస్థల ప్రాసెసర్లకూ ఆ రక్షణ ఉంది. అలాగని మీరెవ్వరూ ఆ పరీక్షను ఇంట్లో చేయబోకండి!

ఇవి రెండే కాక మూడో రకం కూడా ఉంది. హద్దు చేరకముందే లెక్క తప్పి, నీలితెర వచ్చి గానీ, బొమ్మ బిగుసుకుపోయి గానీ ఆగడం. వేడెక్కినకొద్దీ లోహపు తీగల నిరోధం పెరుగుతుంది, ట్రాన్సిస్టర్లలో కారిపోయే విద్యుత్తు ఎక్కువవుతుంది. ఒక సంకేతం రావలసిన క్షణానికి రాకపోతే 1 అనుకోవలసింది 0 అవుతుంది. అయితే ఇటువంటి తప్పులు వేడి లేకుండా కూడా వస్తాయి. చెడిన మెమరీ, బలహీనమైన పవర్ సప్లై, తప్పు డ్రైవర్ ప్రోగ్రామ్ కూడా ఇదే ముఖం చూపిస్తాయి. అందుకే ముఖం చూసి జబ్బు చెప్పరాదు.

గ్రాఫు గీయండి

కావలసినవి: గడియారం, గదిలో పెట్టే ఉష్ణమాపకం, ఒక గ్రాఫు కాగితం. ప్రాసెసర్ ఉష్ణోగ్రతను చూపే ఉచిత ప్రోగ్రాములున్నాయి. గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతను విండోస్‌లోని టాస్క్ మేనేజర్ చాలా కంప్యూటర్లలో తానే చూపిస్తుంది. ముందు గది ఉష్ణోగ్రత రాసుకోండి. పది నిమిషాలు ఏ పనీ చెప్పకుండా ఉంచి, ఆపైన ఆట మొదలుపెట్టి, పక్కన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి నిమిషానికొకసారి అంకెలు రాయించండి. మొదటి నిమిషంలో మాత్రం పది సెకన్లకొకసారి రాయాలి. ప్రాసెసర్ వేగం కూడా పక్కనే రాస్తే మరీ మంచిది. ఇప్పుడు కాలాన్ని అడ్డంగా, ఉష్ణోగ్రతను నిలువుగా తీసుకుని గ్రాఫు గీయండి.

ఆరంభంలో గ్రాఫు కొంత ఎగిరి 60, 65 దగ్గరకు చేరడం సహజమే. పలక చిన్నది, త్వరగా వేడెక్కుతుంది. ఆ తర్వాత ఏం జరిగిందో చూడాలి.

గ్రాఫు మెల్లగా పెరిగి 75 డిగ్రీల వంటి చోట బల్లపరుపుగా నిలిచింది, అయినా కంప్యూటర్ ఆగిపోయింది. అప్పుడు వేడి మీద నేరం మోపడానికి ఆధారం లేదు. పవర్ సప్లై, మెమరీ, డ్రైవర్లవైపు చూడండి.

మొదలుపెట్టిన కొద్ది సెకన్లలోనే 95, 100కు దూకింది, వేగం పడిపోయింది. అప్పుడు పూడిక దారి మొదట్లోనే ఉంది. ఎలా చెప్పగలం? అరకిలో, కిలో బరువుండే దిమ్మ, రెక్కలు అంత త్వరగా వేడెక్కలేవు. పలక మరుగుతూ ఉంటే దిమ్మ ఇంకా చల్లగానే ఉన్నదంటే, వేడి పలకనుంచి దిమ్మకు అందడం లేదన్నమాట. పేస్టు ఎండిపోయి ఉండవచ్చు, దిమ్మ మరలు వదులై ఉండవచ్చు. కొత్తగా బిగించిన యంత్రమైతే దిమ్మ అడుగున అంటించి వచ్చిన ప్లాస్టిక్ కాగితం పీకకుండానే బిగించి ఉండవచ్చు. నవ్వకండి, ఇది తరచు జరిగే పొరపాటు! నీటితో చల్లబరిచే రకమైతే పంపు ఆగి ఉండవచ్చు.

అలా దూకకుండా పది, ఇరవై నిమిషాలపాటు ఎక్కుతూ ఎక్కుతూ హద్దును తాకింది. అప్పుడు పలకనుంచి దిమ్మకు వేడి బాగానే చేరుతున్నది. దాన్ని గాలి తీసుకుపోలేకపోతున్నది. పూడిక దారి చివర ఉంది.

ఈ మూడోదాన్ని ఇంకో విధంగా రూఢి చేసుకోవచ్చు. క్యాబినెట్ పక్కరేకు తీసి, లోపల చేయి పెట్టకుండా, ఎదురుగా టేబుల్ ఫ్యాను ఉంచి మళ్ళీ ఆట నడపండి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు, ఆపైన తగ్గితే దోషం గాలిదే. ఏమీ మారకపోతే రెండో అనుమానం బలపడుతుంది. మరో పరీక్ష: ఆగిపోయిన వెంటనే మళ్ళీ ఆట మొదలుపెట్టండి. వేడి కారణమైతే, దిమ్మ ముందే వేడిగా ఉంది గనుక ఈసారి ముందుకంటే త్వరగా ఆగిపోతుంది. అరగంట ఆగి మొదలుపెడితే మళ్ళీ మొదటి వ్యవధి వస్తుంది. ఇలా కాలంతో ఆడించుకోగలిగితే దోషి దొరికినట్లే.

ఒక హెచ్చరిక. కొన్ని కొత్త ప్రాసెసర్లు నిండు పనిలో హద్దు దాకా పోయి అక్కడే నిలకడగా పనిచేసేలా తయారయ్యాయి. అందుచేత అంకె ఒక్కటే కాక, వేగం ఎంత పడిందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వేడి అనుకుంటే వోల్టేజి

తొందరపడి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఇటీవలి ఒక సంగతి చెబుతుంది. ఇంటెల్ వారి 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, ముఖ్యంగా ఎక్కువ సామర్థ్యం గలవి, ఆటల మధ్యలో ఆగిపోతూ వచ్చాయి. కొన్ని ఆటల్లో తెర మీద గ్రాఫిక్స్ మెమరీ చాలడం లేదన్న సందేశం కనబడేది. సహజంగానే చాలామంది గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు. కార్డులో ఏ లోపమూ లేదు. ప్రాసెసర్‌కు అవసరానికి మించిన వోల్టేజి అందుతున్నదనీ, ఎక్కువ వోల్టేజి, ఉష్ణోగ్రతల వద్ద దానిలోని గడియారపు సంకేతాలు పంచే ఒక వలయం కాలక్రమాన అరిగిపోతున్నదనీ 2024లో ఇంటెల్ వెల్లడించింది. ఇంకా చెడని వాటిని కాపాడటానికి సవరణ ప్రోగ్రాములు ఇచ్చింది, హామీ గడువును రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే చెడినవాటిని మార్చడమే మార్గం. అటువంటి యంత్రానికి ఎన్ని ఫ్యాన్లు తగిలించినా ఏం లాభం?

ఇక చికిత్స

దోషం గాలిదైతే ముందు కంప్యూటర్‌ను ఎక్కడ పెట్టారో చూడండి. మన ఇళ్ళలో కంప్యూటర్ బల్లకు ఒక చెక్క అర చేసి, క్యాబినెట్‌ను అందులోకి తోసి ఉంచుతారు. వెనుక చెక్క, పక్కన చెక్క. వెనుకనుంచి వచ్చిన వేడిగాలి చుట్టు తిరిగి ముందునుంచి మళ్ళీ లోపలికే పోతుంది. దాన్ని అరలోంచి బయటకు తీస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా కొన్ని డిగ్రీలు తగ్గవచ్చు. దుమ్ము పడకుండా అమ్మ కుట్టిన గుడ్డ తొడుగును ఆడేటప్పుడు తీసెయ్యాలని వేరే చెప్పాలా?

ఫ్యాన్లు సరైన దిక్కుకు తిరుగుతున్నాయో లేదో తెలియాలంటే వెలిగించిన అగరువత్తిని క్యాబినెట్‌కు జానెడు దూరంలో కొద్దిసేపు పట్టుకోండి. ముందువైపు పొగ లోపలికి పీల్చుకోబడాలి, వెనుక బయటకు తోయబడాలి. రెండువైపులా బయటకే తోస్తున్నదంటే ఎవరో ఒక ఫ్యానును తిరగేసి బిగించారు.

దుమ్ము దులపడానికి కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్గు పీకి, మీటను కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, వాకిట్లోకి తీసుకుపోండి. మెత్తని పెయింటు బ్రష్షు సరిపోతుంది. గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టి ఉంచాలి. వదిలేస్తే అతివేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది, పైగా ఫ్యాను చిన్న జనరేటరుగా మారి బోర్డులోకి విద్యుత్తు పంపవచ్చు. తడిగుడ్డ పనికిరాదు. వంటగది పక్క గదిలో ఉండే కంప్యూటర్‌కు దుమ్ముతో పాటు నూనె జిడ్డు కూడా పడుతుంది, దానికి ఓపిక కావాలి.

పేస్టు మార్చడం పెద్దల సహాయంతోనే చేయండి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కొత్తది శనగగింజంత పెట్టి, మరలను ఎదురెదురు మూలల క్రమంలో కొంచెం కొంచెంగా బిగించాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు. అది గాలికంటే మెరుగేగాని రాగి ముందు ఎందుకూ చాలదు. పళ్ళపొడి పేస్టు పూయవచ్చనే మాట నమ్మకండి, దానిలోని నీరు కొద్దికాలానికే ఎండిపోతుంది.

పవర్ సప్లై డబ్బాను మాత్రం మీరు గానీ, ఇంట్లో మరెవరు గానీ విప్పరాదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఆవేశం నిలిచి ఉంటుంది.

దారిని బాగుచేయడమే కాదు, వేడి పుట్టుకనే తగ్గించవచ్చు. మీ తెర సెకనుకు 60 బొమ్మలు చూపగలిగేదైతే, కార్డు 150 బొమ్మలు గీయడం వృథా. ఆట సెట్టింగుల్లో 60 అని హద్దు పెడితే కార్డుకు మధ్యమధ్య విశ్రాంతి దొరుకుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చేయవలసిన వైద్యం ఇదే. ఎందుకంటే స్క్రూడ్రైవరు ముట్టుకోనక్కరలేదు. కొంచెం తెలిసినవారు వోల్టేజిని కూడా స్వల్పంగా తగ్గిస్తారు. ప్రాసెసర్ పనిలో ఖర్చయ్యే సామర్థ్యం ప్రధానంగా వోల్టేజి వర్గానికి, పౌనఃపున్యానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అదే వేగం వద్ద వోల్టేజి పదో వంతు తగ్గితే 0.9 వర్గం, అంటే 0.81. వేడిలో ఇంచుమించు ఐదోవంతు మాయం! కాని మరీ తగ్గిస్తే మళ్ళీ లెక్కలు తప్పి యంత్రం ఆగిపోతుంది.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. దుమ్ము దులిపి, పేస్టు మార్చి, హద్దు పెట్టి, అన్నీ ఒకేరోజు చేస్తే దేనివల్ల బాగయిందో తెలియదు. ప్రతి మార్పు తర్వాత అదే ఆటతో, అదే ఇరవై నిమిషాల గ్రాఫును అదే కాగితం మీద వేరే రంగులో గీసి, పక్కన తేదీ, గది ఉష్ణోగ్రత రాయండి. రెండు గ్రాఫులను పోల్చేటప్పుడు గది ఉష్ణోగ్రతల తేడాను తీసివేయడం మరువకండి. ఆ కాగితాన్ని కంప్యూటర్ బల్ల సొరుగులో దాచి ఉంచితే, వచ్చే వేసవిలో మళ్ళీ యంత్రం ఆగినప్పుడు గది ఎంత వేడెక్కింది, దుమ్ము ఎంత చేరింది అన్న రెండు సంగతులను దానితో విడివిడిగా లెక్కకట్టవచ్చు.